ప్రమోటర్ షేర్లు కొన్నాడు సరే, ఎవరి డబ్బుతో కొన్నాడు?

ఫలానా కంపెనీ ప్రమోటర్ (కంపెనీని పెట్టి, నడిపే యజమాని) మార్కెట్లో సొంత కంపెనీ షేర్లు కొన్నాడని వార్త వస్తే చాలు, ఆ షేరు వైపు చిన్న మదుపర్ల చూపు మళ్లుతుంది. వాదన కూడా చప్పున బుర్రకెక్కేదే. కంపెనీ లోపలి సంగతులు అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషే కొంటుంటే మనకేం భయం? సోలార్, పవన విద్యుత్తు, బ్యాటరీల కంపెనీల దగ్గర ఈ వాదనకు మరింత బలం వస్తుంది. సెల్ కెమిస్ట్రీలూ టర్బైన్ల లెక్కలూ మనలో చాలామందికి అంతుపట్టవు కాబట్టి, అవి తెలిసినవాడి వెనక నడవడమే క్షేమం అనిపిస్తుంది.

నేను ఎనర్జీ కంపెనీల్లో మదుపు చేస్తుంటాను. ఇన్‌సైడర్ల, అంటే ప్రమోటర్లు, డైరెక్టర్ల వంటి లోపలివాళ్ల కొనుగోళ్ల ప్రకటనలు శ్రద్ధగా చదువుతాను, వాటికి విలువ ఉందనే నమ్ముతాను. అయితే ఆ విలువకు ఒక హద్దు ఉంది. ప్రమోటర్ కొనుగోలు మనకు కంపెనీ సంగతి చెబుతుంది, టెక్నాలజీ సంగతి చెప్పదు. ఎనర్జీ రంగంలో షేరు తలరాతను మార్చేవి చాలావరకు కంపెనీ గేటు బయటే ఉంటాయి.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఇన్‌సైడర్ ట్రేడింగ్ అనగానే నేరం గుర్తుకొస్తుంది. బయటికి రాని, ధరను కదిలించగల సమాచారం చేతిలో పెట్టుకుని కొనడం, అమ్మడం నేరమే. దీనికి ఎనర్జీ రంగంలోనే తాజా ఉదాహరణ ఉంది. 2025 జులైలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, కరెంటు ఎక్స్ఛేంజీలన్నిటినీ కలిపి ఒకే ధర తేల్చే మార్కెట్ కప్లింగ్ విధానానికి ఆదేశాలిచ్చింది. మరునాడు ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్ షేరు ఒక్క రోజులో దాదాపు 30 శాతం పడిపోయింది. ఆదేశం వెలువడకముందే విషయం తెలుసుకుని కొందరు పుట్ ఆప్షన్లు (షేరు పడితే లాభమిచ్చే కాంట్రాక్టులు) కొన్నారంటూ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అక్టోబరులో మధ్యంతర ఉత్తర్వు జారీ చేసి, దాదాపు 173 కోట్ల రూపాయలు స్తంభింపజేసింది. ఇది ఒక రకం.

రెండోది చట్టం అనుమతించే రకం. ప్రమోటరో, డైరెక్టరో, పెద్ద ఉద్యోగో రహస్య సమాచారమేదీ చేతిలో లేని సమయంలో కొని, కొన్నట్టు ప్రకటించడం. ఈ వ్యాసమంతా ఈ రెండో రకం గురించే.

దీనికి సెబీ 2015 నిబంధనలు ఆధారం. ఒక త్రైమాసికంలో లావాదేవీల విలువ 10 లక్షల రూపాయలు దాటితే రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి చెప్పాలి, కంపెనీ మరో రెండు ట్రేడింగ్ రోజుల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలి. కొన్నవాడు ఆరు నెలల లోపు అమ్మకూడదు. ఈ ఆరు నెలల కట్టుబాటు వల్లే ఆ కొనుగోలుకు కాస్త బరువు వస్తుంది. రేపటి ధర చూసి కొనే వీలు అతనికి లేదు.

చాలామంది పట్టించుకోని నిబంధన ఇంకొకటి ఉంది. త్రైమాసికం ముగిసిన రోజు నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల దాకా ఇన్‌సైడర్లకు ట్రేడింగ్ విండో (కొనడానికి, అమ్మడానికి అనుమతి ఉన్న కాలం) మూసి ఉంటుంది. వార్షిక ఫలితాలకు 60 రోజుల గడువు ఉంది కాబట్టి, ఆలస్యంగా ప్రకటించే కంపెనీలో ఏప్రిల్, మే నెలలు దాదాపుగా అలాగే పోతాయి. ఆ మధ్యలో షేరు 20 శాతం పడితే "ప్రమోటర్ ఎందుకు కొనడం లేదు, ఏదో తేడా ఉంది" అని టెన్షన్ పడేవాళ్లు కనిపిస్తారు. అతను కొనకూడదు, అంతే. అలాగే వాటా 75 శాతానికి చేరిన ప్రమోటర్ ఇంక కొనలేడు, ఎందుకంటే కనీసం 25 శాతం జనం చేతిలో ఉండాలి. 25 శాతానికి పైన వాటా ఉన్నవాడు ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదారుల షేర్లు కొంటానన్న బహిరంగ ప్రతిపాదన) పెట్టకుండా ఏడాదికి 5 శాతానికి మించి పెంచుకోలేడు. కాబట్టి కొనకపోవడాన్ని సంకేతంగా చదివే ముందు కొనే వీలుందో లేదో చూడాలి.

ఏ దారిలో కొన్నాడు?

బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో ప్రతి కంపెనీ పేజీలోనూ ఇన్‌సైడర్ ట్రేడింగ్ ప్రకటనల పట్టిక ఉంటుంది. అందులో ఎన్ని షేర్లు, ఎంత విలువ అన్న గడుల కన్నా ముందు నేను చూసేది ఏ పద్ధతిలో వచ్చాయన్న గడి. మార్కెట్ కొనుగోలు అని ఉంటే సొమ్ము బయటికి వెళ్లింది, మీరూ నేనూ కొనే ధరకే అతనూ కొన్నాడు. తండ్రి నుంచి కొడుక్కి బదిలీ, కుటుంబ ట్రస్టు నుంచి కుటుంబ కంపెనీకి బదిలీ, ఉద్యోగులకిచ్చే ఆప్షన్ల షేర్లు, బహుమతి: ఇవన్నీ అదే పట్టికలో కొనుగోళ్లలాగే కనిపిస్తాయి, కానీ వాటిలో కొత్త నమ్మకమేమీ లేదు. కొందరు ఈ తేడా చూడకుండానే "ప్రమోటర్ 2 శాతం పెంచుకున్నాడు" అని ప్రచారం చేస్తారు.

కొన్న మొత్తాన్ని అతనికి ఉన్నదాంతో పోల్చాలి. 10,000 కోట్ల కంపెనీలో సగం వాటా ఉన్నవాడి దగ్గర అప్పటికే 5,000 కోట్ల షేర్లున్నాయి. అతను 2 కోట్లకు కొంటే దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అదే కంపెనీలో జీతం మీద బతికే చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసర్ సొంత పొదుపు నుంచి 50 లక్షలు పెట్టి మార్కెట్లో కొంటే, ఆ ప్రకటన నేను రెండుసార్లు చదువుతాను. బ్యాంకు ఖాతాలో ఎంత ఉందో, ఏ కస్టమర్ బిల్లు కట్టడం లేదో, ఏ అప్పు ఎప్పుడు తీర్చాలో ముందుగా తెలిసేది ఆ మనిషికే. నలుగురైదుగురు వేర్వేరు అధికారులు, ఒకరితో ఒకరికి బంధుత్వం లేనివాళ్లు, ఒకే విండోలో కొంటే దాని విలువ ఇంకా ఎక్కువ.

వారెంట్ల దగ్గర కాస్త ఆగాలి. మన చిన్న, మధ్య స్థాయి సోలార్, ఈవీ కంపెనీల్లో ప్రమోటర్ల "కొనుగోళ్లు" చాలావరకు ఈ దారిలోనే వస్తాయి. వారెంటు అంటే ఇప్పుడు తేల్చుకున్న ధరకు 18 నెలల లోపు ఎప్పుడైనా షేరు తీసుకునే హక్కు. ముందు 25 శాతం కడితే చాలు. షేరు పెరిగితే మిగతా 75 శాతం కట్టి పాత ధరకే తీసుకుంటాడు. పడిపోతే కట్టడం మానేసి, పావు వంతు వదులుకుంటాడు. "ప్రమోటర్ 200 కోట్లు పెడుతున్నాడు" అన్న వార్తలో ఆ రోజు నిజంగా కంపెనీలోకి వచ్చింది 50 కోట్లే. మిగిలిన 150 కోట్లు షేరు ధర మీద ఆధారపడ్డ మాట మాత్రమే. అది కూడా నమ్మకమే, కాకపోతే పావు వంతు నమ్మకం.

ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఆ డబ్బు ఎక్కడిది?

జెన్సోల్ ఇంజినీరింగ్ కేసు ఈ ప్రశ్నను మన ముందు నిలబెట్టింది. సోలార్ ప్లాంట్లు కట్టిపెట్టే ఈ కంపెనీ, బ్లూస్మార్ట్ ట్యాక్సీ సేవలకు లీజుకిచ్చేందుకు ఎలక్ట్రిక్ కార్లు కొంటామంటూ ప్రభుత్వ రంగ సంస్థలైన ఐరెడా, పీఎఫ్‌సీల నుంచి అప్పులు తెచ్చింది. 2025 మార్చిలో రేటింగ్ సంస్థలు దాని రేటింగును ఒక్కసారిగా డిఫాల్ట్ (అప్పు కట్టలేని) స్థాయికి దించాయి. ఏప్రిల్ 15న సెబీ మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అందులోని లెక్క ఇది: రెండు సంస్థల నుంచి తెచ్చిన టర్మ్ లోన్లు 977.75 కోట్లు. అందులో 663.89 కోట్లు 6,400 కార్ల కోసం. కొన్నవి 4,704 కార్లు, వాటి ఖర్చు 567.73 కోట్లు. కంపెనీ తన వంతుగా వేయాల్సిన సొమ్ముతో కలిపి చూస్తే 262 కోట్లకు పైగా లెక్క తేలలేదు. గురుగ్రామ్‌లో ఖరీదైన ఫ్లాటు సంగతి పత్రికల్లో పతాక శీర్షికలైంది. నాకు మాత్రం అంతకన్నా తీవ్రంగా కనిపించింది అదే ఉత్తర్వులో ఉన్న ఇంకో అంశం. ప్రమోటర్లకు చెందిన సంస్థ ప్రిఫరెన్షియల్ ఇష్యూలో (ఎంచుకున్నవాళ్లకే కొత్త షేర్లు జారీ చేయడం) షేర్లు తీసుకోవడానికి కట్టిన డబ్బు, చుట్టూ తిరిగి కంపెనీ నుంచే వచ్చిందని సెబీ ప్రాథమికంగా తేల్చింది. కంపెనీ నిధులతో నడిచిన మరో సంస్థ మార్కెట్లో జెన్సోల్ షేర్లలోనే లావాదేవీలు చేసిందనీ పేర్కొంది.

చిన్న మదుపరి వైపు నుంచి ఇది ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి. ప్రకటనలో ప్రమోటర్ వర్గం కొన్నట్టే ఉంటుంది, ధర ఉంటుంది, తేదీ ఉంటుంది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే గడి మాత్రం ఉండదు. ఈలోగా ప్రమోటర్ల మొత్తం వాటా 70 శాతం పైనుంచి 35 శాతం దగ్గరికి దిగింది. సాధారణ వాటాదారుల సంఖ్య 155 నుంచి లక్ష దాటింది. అంటే విడివిడి కొనుగోళ్ల వార్తలు వస్తూనే ఉన్నాయి, మొత్తం మీద యాజమాన్యం చేతులు మారుతూనే ఉంది. అందుకే ఒక్కో ప్రకటన కన్నా ప్రతి త్రైమాసికం వచ్చే షేర్‌హోల్డింగ్ పట్టికలను మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూడటం మేలని నా అభిప్రాయం. ఆ పట్టికలోనే తాకట్టు పెట్టిన షేర్ల శాతం కూడా ఉంటుంది. తాకట్టు వివరాలు బయటపెట్టాలన్న నిబంధన 2009 జనవరిలో, మన హైదరాబాద్ సత్యం కుంభకోణం బయటపడిన కొద్ది రోజులకే వచ్చింది. ఒక చేత్తో షేర్లు కొంటూ మరో చేత్తో ఉన్నవాటిని తాకట్టు పెట్టే ప్రమోటర్ కొంటున్నది నమ్మకంతో కాకపోవచ్చు. ధర పడితే అప్పిచ్చినవాడు షేర్లు అమ్మేస్తాడు, అది ఆపడానికి కొంటుండవచ్చు.

నిజాయితీగా కొన్నా తెలియనివి

డబ్బు సొంతదే, దారి సరైనదే, మొత్తం పెద్దదే. అప్పుడైనా వెనక నడవవచ్చా? సుజ్లాన్ కథ ఇక్కడ చాలా నేర్పుతుంది.

తులసి తంతి 1995లో స్థాపించిన ఈ గాలిమరల కంపెనీ షేరు 2008 జనవరిలో 400 రూపాయలు దాటింది. విదేశాల్లో కంపెనీలు కొనడానికి చేసిన అప్పులు మెడకు చుట్టుకుని, 2012 అక్టోబరులో విదేశీ బాండ్ల సొమ్ము చెల్లించలేకపోయింది. 2015 జనవరిలో జర్మనీ అనుబంధ సంస్థ సెన్వియాన్‌ను దాదాపు 100 కోట్ల యూరోలకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. ఆ మరుసటి నెలలోనే సన్ ఫార్మా అధిపతి దిలీప్ సంఘ్వీ కుటుంబం ప్రమోటర్లతో ఒప్పందం చేసుకుని, షేరుకు 18 రూపాయల చొప్పున 100 కోట్ల షేర్లకు 1,800 కోట్లు పెట్టింది. దేశంలో అత్యంత జాగ్రత్తపరుడైన వ్యాపారుల్లో ఒకరిగా పేరున్న మనిషి, ఖాతాలన్నీ తిరగేసి, సొంత డబ్బుతో కొన్నాడు. ఇంతకన్నా మంచి సంకేతం ఏం కావాలి?

ఆయన అంచనా రెండేళ్లు నిజమైంది కూడా. 2016-17లో దేశం దాదాపు 5,500 మెగావాట్ల పవన విద్యుత్తు సామర్థ్యం కొత్తగా కలుపుకుంది, అప్పటికి అది రికార్డు. కానీ 2017 ఫిబ్రవరిలో కేంద్రం తొలిసారి పవన విద్యుత్తుకు వేలం పెట్టింది. అంతకుముందు రాష్ట్రాలు నిర్ణయించిన రేటు యూనిట్‌కు 4 రూపాయలకు పైనే ఉండేది. వేలంలో అది 3.46కు వచ్చింది, అదే ఏడాది డిసెంబరుకల్లా 2.43కు పడింది. కొత్త రేట్లు తేలేదాకా పాత పద్ధతిలో కొనడానికి రాష్ట్రాలు ముందుకు రాలేదు. 2017-18లో కొత్త సామర్థ్యం 2,000 మెగావాట్లు కూడా దాటలేదు. సుజ్లాన్ ఆర్డర్లు ఎండిపోయాయి, 2019లో మళ్లీ డిఫాల్ట్ అయింది, 2020 మార్చిలో షేరు 2 రూపాయల కిందికి వెళ్లింది. 18 రూపాయలకు తిరిగి చేరేసరికి 2023 వచ్చింది. 2024 సెప్టెంబరులో 80 దాటింది.

సంఘ్వీ తెలివితక్కువగా కొన్నారని నేను అనను. కంపెనీ బతుకుతుందన్న ఆయన అంచనా చివరికి నిలబడింది. ఆయనకు తెలియనిది కంపెనీ లోపలిది కాదు. ఢిల్లీలో రెండేళ్ల తర్వాత వేలం విధానం వస్తుందని, గాలికి పోటీగా సోలార్ రేటు అంత వేగంగా కూలిపోతుందని 2015లో ఏ ఆడిటరూ, ఏ డైరెక్టరూ చెప్పగలిగేవాడు కాదు. అప్పు తీరుతుందా, ఆర్డర్లున్నాయా అన్నవి ఇన్‌సైడర్‌కు తెలుస్తాయి. విధానం, ఎదుటి టెక్నాలజీ ధర, వడ్డీ రేట్లు, డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) బకాయిలు అతనికీ మనకూ ఒకే రోజు తెలుస్తాయి. ఎనిమిదేళ్లు ఆగగలిగే స్తోమత ఆయనకుంది. ఆ సంకేతం చూసి పిల్ల పెళ్లికి దాచిన డబ్బు పెట్టినవాడికి అది లేదు.

విధానం ఎంత దగ్గర నుంచి దెబ్బ కొడుతుందో మన ఆంధ్రప్రదేశ్‌లోనే చూశాం. అనంతపురం, కర్నూలు కొండల మీద గాలిమరలు పెట్టినవాళ్లకు డిస్కంలతో 25 ఏళ్ల కొనుగోలు ఒప్పందాలుండేవి. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ రేట్లు తిరగదోడేందుకు కమిటీ వేసింది. హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పుతో తాత్కాలికంగా పవన విద్యుత్తుకు 2.43, సోలార్‌కు 2.44 రూపాయలే అందాయి. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందంలోని రేటే చెల్లించాలని తేల్చే దాకా బకాయిలు పేరుకుపోయాయి. సంతకం చేసిన ఒప్పందం చేతిలో పెట్టుకుని 2018లో తన కంపెనీ షేర్లు కొన్న ప్రమోటర్ ఎవరైనా ఉంటే, అతను తెలిసి చేసిన తప్పేమీ లేదు.

సోలార్‌ది ఇంకో పాఠం. టెక్నాలజీ గెలిచినంత మాత్రాన దాన్ని తయారుచేసేవాడు గెలవడు. 2010లో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో యూనిట్ రేటు సగటున 12 రూపాయల దరిదాపుల్లో ఉంది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99. వినియోగదారుకు ఇంతకన్నా మంచి వార్త లేదు. ప్యానెళ్ల ధర పడిపోయింది కాబట్టే ఇది సాధ్యమైంది, అంటే ప్యానెళ్లు, సెల్స్ చేసేవాడి అమ్మకం ధరే పడిపోయింది. 2010లో 29 రూపాయల ధరకు ఐపీఓకు వచ్చిన ఇండోసోలార్ ఆ పోటీకి తట్టుకోలేక దివాలా ప్రక్రియలోకి వెళ్లి, 2022లో వారీ ఎనర్జీస్ చేతికి వచ్చింది. సోలార్ భవిష్యత్తు మీద దాని ప్రమోటర్ల నమ్మకం సరైనదే, దేశం 2025 జనవరికి 100 గిగావాట్ల సోలార్ సామర్థ్యం దాటింది. వాళ్ల షేరు మాత్రం ఆ ఊరేగింపులో లేదు.

ఇప్పుడు సోలార్ తయారీ కంపెనీలకు మంచి రోజులు నడుస్తున్నాయి. హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ 2024లో 450 రూపాయలకు ఐపీఓకు వచ్చి సెప్టెంబరు 3న 990 దగ్గర లిస్టయింది. వీటి లాభాల వెనుక ఫ్యాక్టరీల సామర్థ్యం ఎంతుందో, చైనా సరుకును ఆపే గోడ కూడా అంతే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి మాడ్యూళ్లపై 40 శాతం, సెల్స్‌పై 25 శాతం సుంకం వేశారు. ఆమోదిత తయారీదారుల జాబితాలో ఉన్న మాడ్యూళ్లే వాడాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి మళ్లీ అమల్లోకి వచ్చింది, సెల్స్‌కు కూడా అలాంటి జాబితాను 2026 జూన్ నుంచి నిర్ణయించారు. ఆ గోడ ఎత్తు ఎప్పుడు మారుతుందో ఏ కంపెనీ చైర్మన్‌కూ తెలియదు. అందుకే ఈ షేర్లలో ప్రమోటర్ కొనుగోలు కనిపిస్తే సంతోషిస్తాను గానీ, దాన్ని చూసి నా లెక్క మార్చను.

అమ్మకాల గురించి ఎక్కువ చెప్పను. అమ్మడానికి సవాలక్ష కారణాలుంటాయి, కంపెనీ అందులో ఒకటి మాత్రమే. అమరరాజా బ్యాటరీస్‌లో జాన్సన్ కంట్రోల్స్ నుంచి సంక్రమించిన 24 శాతం వాటాను క్లారియోస్ (జాన్సన్ కంట్రోల్స్ పాత బ్యాటరీల విభాగం) 2021లో కొంత, 2023 జనవరిలో మిగిలినదంతా అమ్మేసింది. లోపల కూర్చున్న పాత భాగస్వామే వెళ్లిపోతున్నాడని భయపడ్డవాళ్లున్నారు. కానీ క్లారియోస్‌ను 2019లో పెట్టుబడి సంస్థ బ్రూక్‌ఫీల్డ్ కొనుక్కుంది, జాన్సన్ కంట్రోల్స్‌తో సాంకేతిక సంబంధం అదే ఏడాది ముగిసింది. ఆ తర్వాత ఆ వాటా వాళ్లకు పెట్టుబడి మాత్రమే.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది కంపెనీ ఇచ్చిన షేర్లతో మొదలుపెట్టి అక్కడి ఎనర్జీ షేర్లలోకి వస్తున్నారు. అక్కడ ఇన్‌సైడర్ లావాదేవీలు రెండు పనిదినాల్లో ఫారం 4లో కనిపిస్తాయి. కోడ్ పి అంటే కొనుగోలు, ఎస్ అంటే అమ్మకం, ఏ అంటే కంపెనీ ఉచితంగా ఇచ్చినవి, ఎం అంటే ఆప్షన్లు వాడుకోవడం, ఎఫ్ అంటే పన్ను కోసం మినహాయించినవి. వెదకాల్సింది పి కోడ్ కోసం, అది మిగతావాటి కన్నా చాలా అరుదు.

ఇప్పుడు నేను ఆసక్తిగా గమనిస్తున్నది లిథియం సెల్స్ తయారీని. అమరరాజా 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో గిగా ఫ్యాక్టరీ తలపెట్టింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, 16 గిగావాట్ అవర్ల దాకా సెల్స్, 5 గిగావాట్ అవర్ల దాకా ప్యాకులు అన్నది ప్రణాళిక. 2024లో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ టెక్నాలజీకి లైసెన్సు తీసుకుంది. ఈలోగా బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ సర్వేలో బ్యాటరీ ప్యాకు సగటు ధర కిలోవాట్ అవర్‌కు 2023లో 139 డాలర్ల నుంచి 2024లో 115కు దిగింది. ఫ్యాక్టరీ పూర్తయ్యేలోపే అమ్మకం ధర కదిలిపోయే రంగం ఇది. గోడలు లేస్తున్న దశలో ఎవరు షేర్లు కొన్నా, ఆ ధర ఎక్కడ ఆగుతుందన్నది వాళ్లకు తెలిసే విషయం కాదు.

లైను నడవడం మొదలయ్యాక మాత్రం పరిస్థితి మారుతుంది. సెల్ ఫ్యాక్టరీలో మొదటి నెలల్లో తయారైన వంద సెల్స్‌లో ఎన్ని పరీక్షకు నిలిచాయి, ఎన్ని చెత్తలోకి పోయాయి అన్నదే లాభనష్టాలను తేలుస్తుంది. వాహనాల కంపెనీ ఆ సెల్‌ను నెలల తరబడి పరీక్షించి ఆమోదించిందా లేదా అన్నది రెండోది. ఈ రెండూ ఫలితాల పత్రంలో ఎక్కడో పాదసూచికగా రాకముందే ఫ్యాక్టరీ నడిపేవాళ్లకు తెలుస్తాయి. అవి ధరను కదిలించే రహస్యాలైనంత కాలం వాళ్లు కొనకూడదు, ఫలితాలు బయటపెట్టాకే విండో తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్న మొదటి విండోలో, దివిటిపల్లిలోనైనా మరెక్కడైనా, ప్లాంటు నడిపే అధికారో ఫైనాన్స్ చూసే అధికారో సొంత జీతం డబ్బుతో మార్కెట్లో కొంటే, ఈ రంగంలో నేను నిజంగా బరువిచ్చే కొనుగోలు అదే అవుతుంది.